కొత్త ఆటలో పాత అంగడి

కాఫీ గ్లాసు కింద పెట్టి, యతిరాజులు ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు.

"పంకజం, నేను ఈ పొద్దు కోడంబాక్కం పోతా ఉండా. ఆడ పోయి కూర్చుంటా."

"ఎవురింట్లో?" అంది పంకజం పెనం మీద దోసె తిప్పుతూ.

"ఇల్లు గాదు. ఆ వీడియో గేమ్ చేసే పిల్లోళ్ళ ఆఫీసులో."

పంకజం చేతిలో అట్లకాడ ఆగిపోయింది. డెబ్భై దాటిన భర్త గుడికి వెళ్తానంటే ఆవిడ గొడుగు అందిస్తుంది. ఆస్పత్రికి వెళ్తానంటే వెంట వెళ్తుంది. వీడియో గేమ్ ఆఫీసుకు వెళ్తానంటే ఏం చేయాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు. అందుకని ఇంకో దోసె వేసింది.

యతిరాజులుకు సౌకార్‌పేటలో పాత్రల అంగడి ఉండేది. తండ్రి పెట్టింది. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కాలం మారాక స్టీలు డబరాలు. కట్టడం పాతబడిందని దాని యజమాని మొత్తం పడగొట్టించాడు. ఆ చోట అద్దాల బట్టల షోరూం ఒకటి లేచింది. యతిరాజులు ఆనాటి నుంచి ఆ వీధి మొహం చూడలేదు. పెరంబూరులో కొడుకు ఫ్లాటుకు వచ్చేసి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, కిందికి వచ్చే కూరగాయల బండివాడితో బేరమాడటంతో సరిపెట్టుకున్నాడు.

ఆరేళ్ళ కిందట, అప్పటికింకా స్కూల్లో చదువుతున్న మనవరాలు ప్రీతి ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎవరో ఇద్దరు 'పాత పట్నం' అనే వీడియో గేమ్ తయారుచేస్తున్నారట. ఒకప్పటి మద్రాసు బజారు వీధిని అచ్చంగా కట్టిపెడతారట. ఖర్చుల కోసం నలుగురి దగ్గరా ముందే చందాలు పోగుచేస్తున్నారట. కాస్త పెద్ద చందా ఇచ్చినవాళ్ళు తమ పాత అంగడి ఫోటో పంపితే, ఆ వీధిలో దాన్ని కూడా నిలబెడతారట.

యతిరాజులు ఆ సాయంత్రమే ఫోటో పంపించాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మళ్ళీ తన అంగడి ముందు నిలబడాలి. ఆయన కోరిక అంతే.

డబ్బు వెళ్ళింది. బదులుగా నెలనెలా ఉత్తరాలు రావడం మొదలైంది. ప్రీతి చదివి వినిపించేది, ఆయన చెప్పిన జవాబు టైపు చేసి పంపేది. ఒక నెల, వర్షపు నీటి మీద వెలుగు చక్కగా పడుతోందని సంతోషంగా తెలియజేశారు. ఇంకో నెల, ఎడ్లబండి తాలూకు ఎద్దు తోక ఇప్పుడు కదులుతోందన్నారు. ప్రీతి పదో తరగతి పాసైంది, ప్లస్ టూ పాసైంది, కాలేజీలో చేరింది. ఎద్దు తోక ఇంకా కదులుతూనే ఉంది. నిన్న వచ్చిన ఉత్తరంలో మాత్రం, కాకుల రెక్కలు తృప్తికరంగా లేనందువల్ల మొదటి నుంచి మళ్ళీ గీస్తున్నామని ఉంది.

నిజం చెప్పాలంటే యతిరాజులుకు కోపం రాలేదు. కోపం మూడో ఏడుతోనే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది ఆశ్చర్యం. ఒక కాకికి రెండే కదా రెక్కలు? పొద్దున్నే ఆఫీసుకు వచ్చి ఈ పిల్లలు సాయంత్రం దాకా ఏం చేస్తారు? ఈ ప్రశ్న ఆయన్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

"తాతా, అప్పిడి పోయి ఉక్కార కూడాదు," అంది ప్రీతి బ్యాగు సర్దుకుంటూ. అలా పోయి కూర్చోకూడదని తమిళంలో చెప్తే తాత కాస్త వింటాడని ఆ పిల్ల నమ్మకం. "మెయిల్ పంపిస్తా, చాలు."

"మెయిలు పంపితే మెయిలొస్తాది. అంగడొస్తాదా?"

పోయి కూర్చోవడం అంటే ఏమిటో ప్రీతికి తెలియదు. సౌకార్‌పేట పాత్రల బజారులో అదొక పద్ధతి. ఆర్డరు ఇచ్చిన సరుకు రాకపోతే ఎవరూ అరవరు. చేసేవాడి పట్టరకు, అంటే పాత్రలు కొట్టే చోటికి పోయి, ఒక మూల కూర్చుంటారు. వాడు కాఫీ ఇస్తే తాగుతారు. పని కేసి చూస్తూ ఉంటారు. సరుకు కంటబడేదాకా నోరు విప్పకూడదు, అదే నియమం. ఊరికే కూర్చున్న మనిషిని చూస్తూ చూస్తూ వాడి చేతులు వాటంతటవే తొందరపడతాయి. యతిరాజులు తండ్రి ఇలా కూర్చుని కుంభకోణం నుంచి ఎన్ని గంగాళాలు తెప్పించాడో! ఆ పద్ధతి కాకి రెక్కలు గీసేవాళ్ళ మీద మాత్రం ఎందుకు పనిచేయదు?

ఆయన పెరంబూరులో రైలెక్కి, సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషన్లో ఇంకో రైలెక్కి కోడంబాక్కం చేరాడు. ఆఫీసు ఒక సందులో మేడ మీద ఉంది. ఒకప్పుడు అది సినిమాలకు డబ్బింగు చెప్పే థియేటరు. కింది వాటాలో ఇంటి యజమానురాలు మునియక్క ఉంటుంది. గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తున్న ఆవిడ తలెత్తి చూసింది.

"పైకా? పో పో. పొద్దున్నుంచి ఎవురో పెద్దాయన వస్తాడని ఊడ్చిందే ఊడుస్తా ఉండారు."

యతిరాజులుకు ముచ్చటేసింది. ప్రీతి చెప్పొద్దంటే చెప్పకుండా ఉంటుందా, మెయిలు పంపేసినట్టుంది. సరే, మంచిదే.

పైన ఆ ఆట తయారుచేసే ఇద్దరూ, కేదార్, ఆరతి, నిజంగానే ఒక పెద్దాయన కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఈయన కాదు. అంబత్తూరులో బొమ్మల ఫ్యాక్టరీ నడిపి పెద్దవాడైన అనంతరామయ్య, కొత్త రకం ఆటల్లో పెట్టుబడి పెట్టాలని చూస్తున్నాడు. చందాలు ఎప్పుడో కరిగిపోయాయి. ఆయన ఊ అంటేనే ఆట బతుకుతుంది. ఆయన సెక్రటరీ ఫోనులో ముందే హెచ్చరించింది. "సార్ ఎక్కువ మాట్లాడరు. వచ్చి కూర్చుంటారు, చూస్తారు. మీరెవరు, ఏ ఊరు అని ప్రశ్నలు వేస్తే ఆయనకు నచ్చదు."

ఇంతలో తెల్ల పంచె, చేతిలో గొడుగుతో ఒక పెద్దాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నమస్కారమండి! రండి రండి," అన్నాడు భీమవరం నుంచి ఉద్యోగానికని వచ్చి ఈ ఆటలో ఇరుక్కుపోయిన కేదార్.

"ఈడ కూర్చోవచ్చా నాయనా?"

"భలేవారే, ఆఫీసు మీదేననుకోండి!"

యతిరాజులు కూర్చున్నాడు. ఫ్యాను ఆయన వైపు తిరిగింది. కాఫీ వచ్చింది. సమోసాలు వచ్చాయి. డబ్బు తీసుకుని సరుకివ్వనివాళ్ళు ఇంత మర్యాద చేయడం ఆయన తన అనుభవంలో చూడలేదు. పట్టరలో అయితే ఈపాటికి పెరటి దారిన పారిపోయి ఉండేవాళ్ళు. పిల్లలు మంచివాళ్ళే, పాపం, పనే రాదు అనుకున్నాడు. నియమం ప్రకారం నోరు మాత్రం విప్పలేదు.

ఆయన మౌనం చూసి అక్కడ ఇద్దరికీ చెమటలు పట్టాయి. గోడంత తెర మీద కేదార్ కాకిని చూపించాడు. కాకి ఎగిరింది, గోడ మీద వాలింది, మెడ తిప్పింది. కాకి కాకిలాగే ఉంది. యతిరాజులు చూసి ఊరుకున్నాడు. ఎద్దును చూపించాడు. ఎద్దు తోక ఊపింది. యతిరాజులు సమోసా తుంచుకున్నాడు.

"ఏదీ నచ్చినట్టు లేదే," అని ఆరతి కేదార్ చెవిలో గొణిగింది. ఆరతి పుట్టింది పెరిగింది మైలాపూరులో. అటు తమిళం, ఇటు తెలుగు, మధ్యలో ఇంగ్లీషు, భయమేస్తే మూడూ కలిసిపోతాయి. "వాన చూపించు, ప్లీజ్. వాన నచ్చకపోతే ఇంక ఒణ్ణుమే లేదు, ఏమీ లేదు మన దగ్గర."

కేదార్ వాన కురిపించాడు. వీధంతా తడిసింది. వాననీళ్ళు సహజంగా పారాలని ఆరతి ఆ వీధిని సముద్రం వైపు కొంచెం వాలుగా కట్టింది. ఏడాది పట్టింది ఆ వాలుకు. నీళ్ళు మెరుస్తూ పారుతుంటే, నీళ్ళ మీద ఎడ్లబండి నీడ కదులుతుంటే, యతిరాజులు తనకు తెలియకుండానే ముందుకు వంగాడు. బండి మలుపు తిరిగింది.

మలుపులో ఆయన అంగడి ఉంది.

అదే ఆకుపచ్చ రంగు. అదే బోర్డు, చివరి అక్షరం పక్కకి ఒరిగిపోయిన అదే బోర్డు. పెయింటరును మళ్ళీ పిలవాలి, పిలవాలి అని తండ్రి అంటూనే వెళ్ళిపోయాడు. యతిరాజులు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి ఆరతి, కేదార్ చేతిని గట్టిగా పట్టుకుంది. పెట్టుబడి వచ్చేసిందనే ఇద్దరూ అనుకున్నారు.

సరుకు కంటబడింది గనక ఇప్పుడు నోరు విప్పవచ్చు. యతిరాజులు విప్పాడు.

"షట్టరు మూసుండాదే?"

"అవునండి."

"మద్దేన్నం పూట అంగడి మూస్తారా ఎవురైనా? తెరువు నాయనా."

కేదార్ నీళ్ళు నమిలాడు. "లోపలేం లేదండి. షట్టర్ తీస్తే లోపల సామానంతా చేయాలి కదండీ. ఒక్కో బిందె, ఒక్కో చెంబు... అందుకే వీధిలో అన్ని కొట్లకీ షట్టర్లు దించేశాం."

ఆరేళ్ళు! ఆరేళ్ళుగా తను ఎదురుచూసింది మూసిన అంగడి కోసమా? మూసిన అంగడిని చూడటానికి ఇంత దూరం రావాలా? అది మూతబడిన రోజు తన చేతులతో తనే తాళం వేశాడు కదా. యతిరాజులుకు నిజంగా బాధ కలిగింది.

"అంగళ్ళన్నీ మూసిపెట్టి, జనానికి కాకిని చూపిస్తావా నాయనా?" అన్నాడు.

కేదార్‌కు ఈ మాట బాణంలా తగిలింది. పెట్టుబడిదారు అంటే ఇలా ఉండాలి, ఒక్క ముక్కలో తేల్చేశాడు! ఆరతి అతని చొక్కా పట్టుకుని లాగుతూ, ఇవాళ ఏదీ కదిలించొద్దనీ చూపించడానికి ఉన్నది ఈ ఒక్క కాపీయేననీ గొణిగింది. చూడాల్సినాయనే తెరవమంటుంటే ఇంకెవరికోసం దాచుకోవాలని కేదార్ ఎదురు గొణిగాడు.

తర్వాత యతిరాజులు కేదార్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వీళ్ళ దగ్గర ఒక బిందె, ఒక చెంబు, ఒక గుండిగ మాత్రం ఎప్పుడో చేసిపెట్టినవి ఉన్నాయి. ఒకటి ఉంటే చాలట, ఎన్ని కావాలంటే అన్ని అవుతాయట. ఆ సంగతి తెలిశాక యతిరాజులులో వ్యాపారి లేచి కూర్చున్నాడు.

"బిందెలు ఈడ పెట్టు. ఇంకో వరస. దాని మీద ఇంకో వరస. చెంబులు పై అరలో... చాలవు నాయనా, పెట్టు పెట్టు. గుండిగలు కప్పు దాకా పోనీ."

ఆయన అంగడిలో ఏనాడూ అందులో సగం సరుకు కూడా లేదు. అయినా అక్కడ కాదనేవాళ్ళెవరు? పక్క అంగడి వరదయ్య ఉంటే కాదనేవాడు. వరదయ్య కూడా చందా కట్టాడు కానీ, అతని అంగడి షట్టరు తెరవమని యతిరాజులు చెప్పలేదు. గుర్తు రాలేదని కాదు.

అన్నీ పేర్చాక, మొత్తాన్ని కలిపి నడిపించడానికి కాస్త సమయం కావాలని కేదార్ లోపలి గదిలో తలుపేసుకున్నాడు. ఆరతి మజ్జిగ తేవడానికి కిందికి వెళ్ళింది. యతిరాజులు మళ్ళీ ముందుగదిలో తన కుర్చీలోకి వచ్చాడు. కూర్చునే పద్ధతి కోడంబాక్కంలో కూడా పనిచేస్తుందని తేలిపోయింది. ఇంటికి పోయి ప్రీతికి చెప్పాలి.

అప్పుడు ఇంకో పెద్దాయన లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతికర్ర. ఎవరినీ పలకరించలేదు. నాలుగు గోడలూ చూసి, యతిరాజులు పక్క కుర్చీలో కూర్చుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఊరుకున్నాడు.

యతిరాజులు ఆ కూర్చోవడం చూశాడు. తొందర లేదు. మాట లేదు. బజారు మనిషిలా లేడు గానీ, పద్ధతి తెలిసినవాడే. ఇంకెవరై ఉంటాడు? తనలాగే డబ్బు కట్టి, వేచి వేచి, కూర్చోవడానికి వచ్చినవాడు. యతిరాజులుకు ఒక్కసారిగా ఆప్యాయత పొంగింది.

"తమరు కూడా చందా కట్టినారా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంకా లేదు. పెట్టాలా వద్దా అని చూడటానికి వచ్చాను," అన్నాడు ఆయన.

"అయ్యయ్యో, పెట్టబాకండి!"

పెద్దాయన మొదటిసారి తల తిప్పి చూశాడు. "ఏం?"

"ఆరేళ్ళాయ సామీ నేను కట్టి! నెలనెలా ఉత్తరం మాత్రం తప్పకుండా వస్తాది."

"ఆరేళ్ళా? ఏం చేశారు ఆరేళ్ళలో?"

"కాకిని చేసినారు."

"తర్వాత?"

"ఎద్దు తోక. వాన. వాన బాగుండాది, లేదనను."

"అది సరే. ఆడటానికి ఏముంది?"

యతిరాజులు ఆలోచించాడు. ఆరేళ్ళలో ఆయనకు ఈ ప్రశ్న తట్టలేదు. "నడవచ్చు. చూడొచ్చు," అన్నాడు. తర్వాత న్యాయంగా ఉండాలని ఇంకో మాట కలిపాడు. "ఈ పొద్దు షట్టరు తెరస్తా ఉండారు."

బొమ్మల ఫ్యాక్టరీలో బతుకంతా గడిపి, పిల్లలు ముట్టని బొమ్మలు ఎన్నో చూసిన అనంతరామయ్యకు అది చాలింది. కర్ర ఊతంతో లేచాడు. సరిగ్గా అప్పుడే ఆరతి మజ్జిగ గ్లాసుతో వచ్చి, ఒకరుండాల్సిన చోట ఇద్దరు పెద్దవాళ్ళను చూసి ఆగిపోయింది.

"సార్... మీరు?"

"అనంతరామయ్య. అంబత్తూరు."

మజ్జిగ సగం నేల మీద పడింది. ఆరతి మెల్లగా ఇటు తిరిగింది. "మరి... మీరు?"

"యతిరాజులు. సౌకార్‌పేట పాత్రల అంగడి."

"నెలనెలా మెయిల్ పెట్టే యతిరాజులు గారా!"

"మా మనమరాలు టైపు చేస్తాదమ్మా. మాటలు నావే."

అనంతరామయ్య మర్యాదగా తల పంకించాడు. "ఈయన అంతా వివరంగా చెప్పారమ్మా. నా సమయం ఆదా చేశారు. వస్తాను." అంటూ గుమ్మం వైపు నడిచాడు.

ఆరతి ఆ మజ్జిగ తడిలోనే చతికిలబడింది. "పోయింది అంకుల్. ఆయన ఒక్కరే మాకు మిగిలింది. ఆయన వద్దంటే ఈ నెలతో క్లోజ్. ఆఫీసు, గేమ్, మీ షాపు, ఎల్లామే క్లోజ్."

యతిరాజులుకు అప్పుడు అర్థమైంది. ఆ కాఫీ, ఆ సమోసాలు, ఆ ఫ్యాను ఎవరివో అర్థమైంది. తన అంగడికి మిగిలిన ఒకే ఒక్క దారిని, సరిగ్గా పక్కన కూర్చుని, మెల్లగా చెవిలో చెప్పి మరీ, తనే మూసేశాడు. సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. "సామీ, ఒక్క నిమిషం," అని పిలిచాడు గానీ, గుమ్మం దాటుతున్న మనిషికి అది వినపడలేదు.

ఎందుకంటే లోపలి గదిలోంచి కేదార్ కేక పెట్టాడు. "తెరుచుకుందండీ!"

పాపం, మౌసు పట్టుకుని ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చిన కేదార్‌కు అక్కడి సంగతులేమీ తెలియవు. గోడంత తెర వెలిగింది. వాన వెలిసిన వీధి. మలుపులో ఆకుపచ్చ అంగడి. గరగరమంటూ షట్టరు పైకి లేచింది. లోపల బిందెలు వరస మీద వరస, చెంబులు, కప్పు దాకా గుండిగలు, ఎండ పడి ధగధగలాడుతున్నాయి. సిగ్గుతో కుంగిపోతూ కూడా యతిరాజులు తలెత్తి చూశాడు. ఎంత బాగుంది!

పై అరలోంచి ఒక చెంబు కింద పడింది.

"ఏమైంది?" అంది ఆరతి నేల మీది నుంచి.

కేదార్ నాలుక కరుచుకున్నాడు. "అరలకి బరువు మోసే గుణం పెట్టలేదండి. చూడ్డానికే ఉన్నాయి అరలు."

రెండో చెంబు పడింది. తర్వాత లెక్క పెట్టే అవకాశం ఎవరికీ దొరకలేదు. అరలన్నీ ఒక్కసారే సరుకును వదిలేశాయి. ఇత్తడి, రాగి, స్టీలు, అంతా అంగడి లోంచి వీధిలోకి దూకింది. దూకింది ఊరుకుందా? ఏడాది కష్టపడి ఆరతి కట్టిన వాలు ఉండనే ఉంది. బిందెలు దొర్లాయి. గుండిగలు వాటిని తరుముకున్నాయి. ఎద్దు బెదిరి తోక ఊపింది. కాకులన్నీ లేచాయి. అంతా కలిసి సముద్రం వైపు పోతోంది. అది డబ్బింగు థియేటరు, గోడలనిండా స్పీకర్లు. ఆ మోత సందు చివరి దాకా వినపడి ఉంటుంది.

యతిరాజులు జీవితంలో ఎన్నో చూశాడు గానీ, తన సరుకు వీధిన దొర్లుతుంటే నిలబడి చూడటం ఆయనకు చేతకాదు. గబుక్కున పోయి కేదార్ చేతిలోని మౌసు లాక్కున్నాడు.

"ఎట్టా పట్టుకోవాల? చెయ్యి ఏడుండాది?"

"ఎడమ బటన్ నొక్కితే ఎత్తుతుందండి! వస్తువులు ఎత్తే ఏర్పాటు రెండేళ్ళ కిందటే చేశాం. ఎత్తడానికే ఏమీ లేక వాడలేదు."

యతిరాజులు ఒక బిందెను పట్టాడు. పరిగెత్తి అంగడి గడప లోపల పెట్టాడు. నేల గట్టిదే, ఆగింది. మళ్ళీ పరిగెత్తాడు. ఒక చెంబు కాలికి తగిలి తప్పించుకుంది. ఒక గుండిగ ఎడ్లబండి కిందికి దూరింది. ఆయన పట్టేలోగా ఇంకో రెండు బిందెలు సముద్రంలో పడ్డాయి. పడినప్పుడు నీళ్ళు ఎంత అందంగా చిందాయో చూసే తీరిక ఆరతికి తప్ప ఎవరికీ లేదు.

"ఏం పడింది? అటక కూలిందా?" అంటూ మునియక్క చీపురుతో సహా మేడెక్కి వచ్చింది. తెర చూసింది. చీపురు దించింది. "అయ్యో, ఆ బిందెను వదిలేస్తా ఉండావే! అటుపక్క, అటుపక్క!"

"రెండు చేతులే కదమ్మా ఉండేది!"

"కుడివైపు గుండిగ," అన్నాడు ఎవరో గంభీరంగా.

అందరూ తిరిగి చూశారు. మెట్లు సగం దిగిన అనంతరామయ్య మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కర్ర ఎత్తి తెర వైపు చూపిస్తున్నాడు. "చెంబుల వెంట ఎందుకు పడతారు మీరు? ముందు గుండిగను ఆపండి. అది ఆగితే వెనకవన్నీ దానికి తగిలి ఆగుతాయి. అబ్బ, ఇలా ఇవ్వండి."

"నా సరుకు సామీ!"

"పోయేది కూడా మీ సరుకే. ఇవ్వండి!"

మౌసు చేతులు మారింది. అనంతరామయ్య గుండిగను అడ్డం పెట్టాడు. నాలుగు బిందెలు దానికి తగిలి ఆగాయి. ఐదోది ఎగిరి అవతల పడింది. ఆయన నోటి నుంచి తన ఫ్యాక్టరీలో ఎవరూ వినని మాట ఒకటి వచ్చింది. మునియక్క నవ్వింది. కేదార్ ఆయనకు కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. రెండు తెల్ల తలలు తెర ముందు ఆనుకుని, ఒకరు ఎత్తుతుంటే ఇంకొకరు దారి చూపిస్తూ, సముద్రం అంచు దాకా పోయి ఒక రాగి చెంబును కాపాడుకొచ్చారు. షట్టరు దించి తెరిస్తే సరుకంతా మళ్ళీ మొదటి నుంచి పడుతుందని కేదార్ చెప్పాడు. అయితే దించమన్నారు ఇద్దరూ ఒకేసారి.

మూడోసారి దొర్లుతుండగా యతిరాజులు ఫోను మోగింది. పంకజం.

"ఏందండీ, అన్నం వేళ దాటిపోయ. ఏడుండారు?"

"అంగట్లో ఉండా," అన్నాడు యతిరాజులు తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "రష్షుగా ఉండాది పంకజం. లేటవుతాది."

అటువైపు పంకజానికి ఫోనులోంచి బిందెల మోత వినిపిస్తోంది. ఆ మోత వింటూనే ఆవిడ పిల్లల్ని పెంచింది. ఎన్ని మధ్యాహ్నాలో ఆవిడ ఇదే మాట విని, ఇదే చిరాకు పడి, ఇదే పళ్ళెం మూత పెట్టింది. ఆయన మనసు గానీ చెదిరిందేమోనని ఒక్క క్షణం భయపడింది. అయితే ఆ గొంతులో ఉన్న హుషారు ఆవిడకు తెలుసు. అది విని చాలా కాలమైంది.

"సరే," అంది పంకజం. "మూత పెట్టి ఉంచుతా. నిదానంగా రాండి."

ఫోను పెట్టేశాకే తను ఏమన్నాడో యతిరాజులుకు తెలిసింది. మౌసు వదిలి కొంచెంసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. షట్టరు ఎత్తి ఉంది. గడప లోపల బిందెలు ఉన్నాయి. బోర్డు మీద చివరి అక్షరం ఒరిగే ఉంది. మజ్జిగ మరక అంటిన కుర్తాతో ఆరతి పక్కకొచ్చి నిలబడింది.

అనంతరామయ్య జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ పాత గాంభీర్యం తెచ్చుకోవాలని చూశాడు గానీ, చొక్కా ఇస్త్రీ అప్పటికే పోయింది.

"పెట్టుబడి నేను పెడతాను. ఇన్నాళ్ళూ మీరు వీధి కట్టారు. ఇవాళ దాంట్లో ఆడుకోవడానికి ఏదో దొరికింది. ఈ దొర్లడం మాత్రం ఉండి తీరాలి," అన్నాడు.

కేదార్ నిజాయితీపరుడు. దాచడం అతని వల్ల కాలేదు. "సార్, అది తప్పండి. అరలకి బరువు పెట్టడం మర్చిపోయాను. సాయంత్రానికల్లా సరిచేసేస్తాను."

"ముట్టుకుంటే ఊరుకోను!" అన్నారు ఇద్దరు పెద్దవాళ్ళూ, మునియక్కా.

"ఇది ఇలాగే ఉండాలి," అన్నాడు అనంతరామయ్య. "ఎవరింట్లో తెరిచినా, ఏ కంప్యూటర్లో తెరిచినా, అచ్చం ఇలాగే దొర్లాలి. ఎప్పటికి అవుతుంది?"

కేదార్ ఆరతి వైపు చూశాడు. ఆరతి సీలింగు వైపు చూసింది. ఇద్దరూ చాలాసేపు లెక్కలు వేసుకున్నారు. తప్పును సరిదిద్దడానికి ఒక పూట చాలునని, అదే తప్పు అందరి దగ్గరా సరిగ్గా జరగాలంటే మాత్రం ఇంకో రెండేళ్ళు పడుతుందని కేదార్ చెప్పాడు.